బల్లార్షాలో పాత ఫోటోల స్కానింగు, ఫ్రేము పని: ఒకటి బాగు, ఇంకోదానికి దగ్గరుండాలి

మహారాష్ట్రలోని బల్లార్షా బజారులో పాత ఫోటోలు స్కాన్ చేసి, మరకలు తీసి, ఫ్రేము కట్టిచ్చే దుకాణం గురించి ఇది. మరాఠీవాళ్లదే అయినా కౌంటరు దగ్గర తెలుగు నడుస్తుంది. 1956 అక్టోబరు 16న బాబాసాహెబ్ అంబేడ్కర్ బౌద్ధ దీక్ష ఇచ్చిన చాందా (ఇప్పటి చంద్రపూర్) ఇక్కడికి కూతవేటు దూరం. అందుకే ఆయన పటంతో పాటు, దీక్ష తీసుకున్న తాతలు, నాయనమ్మల ఫోటోలు కూడా ఇక్కడికి బాగానే వస్తాయి.

స్కానింగుకు వంక పెట్టలేం. పోస్టుకార్డు సైజును 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), పాస్‌పోర్టు సైజును 1200లో చేస్తారు. ఫైలు టిఫ్‌లో (నాణ్యత తగ్గని ఫైలు రకం) అడిగి, పెన్‌డ్రైవ్‌లోనే తీసుకోండి. వాట్సాప్‌లో పంపమంటే కుదించుకుపోయి, పెద్దది చేయగానే ముఖాలు మసకబారతాయి. ఫోటో వెనక వైపు కూడా స్కాన్ చేయించండి. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో రాసిన పేర్లు ఉండేది అక్కడే. వాళ్లంతట వాళ్లు చేయరు. వానాకాలం చెమ్మకు అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను లాగొద్దని వాళ్లే చెబుతారు, అది నిజం. జెలటిన్ పొర అద్దం మీదే ఉండిపోతుంది. అద్దం తుడిచి, దానితోనే స్కాన్ చేయాలి. అందుకు సీసీడీ స్కానరు (లోపల లెన్సు ఉండే మందపాటి రకం) కావాలి. పల్చటి సీఐఎస్ స్కానరుకు అద్దం మందం అవతల ఫోకస్ అందదు. ఇక్కడ రెండూ ఉన్నాయి, ఏది వాడుతున్నారో చూసుకోండి.

పేపరు కటింగులను మాత్రం లామినేషన్‌కు ఇవ్వకండి, ఎంత బతిమాలినా. వేడికి అంటిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, లోపల కాగితం పసుపెక్కడమూ ఆగదు. వెనక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయిస్తే అవతలి పేజీ అచ్చు కనిపించదు. అసలుదాన్ని పాలిస్టర్ కవరులో దాచుకోవచ్చు.

అసలు గొడవ 'బాగుచేయడం' దగ్గర. 1934 ఫిబ్రవరిలో ముంబయి దాదర్‌లోని అంబేడ్కర్ ఇల్లు రాజగృహలో తీసిన ఆయన కుటుంబ ఫోటో ఇస్తే, బాబాసాహెబ్ ఒక్కరినే కత్తిరించి, వెనక నీలం రంగు పరిచి, చేతిలో పుస్తకం పెట్టి ఇస్తారు. ఆ ఫోటోలో ఎడమ నుంచి కొడుకు యశ్వంత్, ఆయన, రమాబాయి, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్ ఉన్నారు. పెంపుడు కుక్క టోబీ కూడా ఉంది. బాబాసాహెబ్, రమాబాయి కన్న పిల్లల్లో బతికి పెద్దయింది యశ్వంత్ ఒక్కరే. ఆ తర్వాత ఏడాది, 1935 మే 27న, రమాబాయి కన్నుమూశారు. మహాడ్‌లో చెరువు నీళ్ల కోసం, నాసిక్‌లో కాలారాం గుడి ప్రవేశం కోసం పోరాటాలు నడిచిన ఏళ్లలో ఇల్లు ఎవరి మీద నిలబడిందో ఆ ఫోటోలో కనిపిస్తుంది. దాన్ని కోసి పారేసి 'క్లీన్' అంటే ఎలా? ఇంటి ఫోటోల్లోనూ ఇదే వరస. దండ వేసుకున్న తాత మిగులుతాడు, పక్కన చంటిబిడ్డను ఎత్తుకున్న నాయనమ్మ మాయం. 'క్రాప్ వద్దు, ముఖం ముట్టొద్దు, రంగు వేయొద్దు' అని రసీదు మీదే రాయించండి. ఏఐ యాప్‌తో ముఖం నున్నగా చేస్తే కన్ను, ముక్కు ఇంకెవరివో అవుతాయి. చీరకు వేసే రంగు కూడా యాప్ ఊహే.

కింద పేర్లు తెలుగులో వేయిస్తే ఇంకో చిక్కు. డిజైనరు ఫోటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ (మన లిపిని సరిగ్గా కూర్చే సెట్టింగు) పెట్టకపోతే వత్తులు విడిపోతాయి. 'లక్ష్మీబాయి', 'యశ్వంత్' రెండూ చెడతాయి. మరాఠీ చదివే కుర్రాడికి అది తప్పని తెలియదు. ప్రింటుకు ముందు ప్రూఫు ఫోనులో చూడండి.

ఫ్రేము విషయంలో ఫెవికాల్‌తో హార్డ్‌బోర్డుకు అంటించడం వాళ్ల అలవాటు. అసలు ఫోటోను అలా కానివ్వొద్దు, ఫ్రేముకు కాపీ ఇవ్వండి. ఫోటోకు అద్దానికి మధ్య సందు ఉండేలా మౌంటు (ఫోటో చుట్టూ అట్ట అంచు) కట్టించాలి. కింది మూలల వెనక రెండు కార్కు ముక్కలు పెడితే గోడ చెమ్మ పటానికి ఎక్కదు. ఎండ నేరుగా పడే గోడ అసలే వద్దు, చంద్రపూర్ ఎండ సంగతి తెలిసిందేగా.

ఏప్రిల్ 14కు, అక్టోబరు 16కు ముందు ఇక్కడ ఊపిరాడని గిరాకీ. అప్పుడు ప్రూఫు అడిగితే విసుక్కుంటారు. నెల ముందే ఇచ్చేయండి.