రూట్‌తో ఐదేళ్లు: ఖాళీ బిన్ల విషయంలో నా ఫిర్యాదు

ప్రయోగాల డేటాను విశ్లేషించే రూట్ సాఫ్ట్‌వేర్‌ను ఐదేళ్లుగా దాదాపు ప్రతిరోజూ వాడుతున్నాను. కణ భౌతికశాస్త్రంలో పరిశోధన నేర్చుకుంటున్నవారికి దాన్ని కొత్తగా పరిచయం చేయవలసిన పని లేదు కనుక, ఇన్‌స్టాల్ చేయడం, గ్రాఫులు గీయడం వంటి సంగతులు వదిలేసి ఒక్క విషయం గురించే రాస్తాను. హిస్టోగ్రామ్‌ను (కొలతలను బిన్లు అనే వరుస గడుల్లో లెక్కపెట్టి గీసే పటాన్ని) ఫిట్ చేయమన్నప్పుడు, అంటే దానికి సరిపోయే వక్రరేఖను వెతకమన్నప్పుడు, మనం ప్రత్యేకంగా ఏమీ కోరకపోతే, రూట్ తనంతట తాను ఎంచుకునే పద్ధతి గురించి. ఆ ఎంపిక వల్ల నేను సొంతంగా చేసిన మొదటి కొలత మూడు వారాలపాటు తప్పుగా ఉండిపోయింది. అంతకంటే బాధించిన సంగతి ఏమిటంటే, ఆ తప్పుకు నేను భౌతికశాస్త్రంలోనే ఒక కారణం వెతికి తృప్తిపడ్డాను.

మొదటి ఏడాది నాకు ఈ ఫిట్ సదుపాయం మీద ఎంత ఇష్టం ఉండేదంటే, కింది తరగతుల విద్యార్థులకు అదే ముందుగా చూపించేదాన్ని. అప్పట్లో నేను నేర్చుకున్నది సెర్న్ అనే ఐరోపా కణ భౌతిక ప్రయోగశాలలోని సి.ఎం.ఎస్. ప్రయోగం 2014 నుంచి విడుదల చేస్తూ వచ్చిన బహిరంగ డేటాతో. రెండు మ్యూయాన్ల (ఎలక్ట్రాన్‌ను పోలిన, దానికంటే బరువైన కణాల) ఉమ్మడి ద్రవ్యరాశిని లెక్కగట్టి హిస్టోగ్రామ్‌లో నింపితే 91 జి.ఈ.వి. (గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల) దగ్గర జెడ్ బోసాన్ అనే కణం శిఖరం లేస్తుంది. ఒక్క ఆజ్ఞతో దాని మీద వక్రరేఖ కూర్చుంటుంది. స్థానం, వెడల్పు, వాటి అనిశ్చితులు అన్నీ తెరమీదికి వస్తాయి. ఆ ఆజ్ఞ వెనుక 1970లలో సెర్న్‌లో ఫ్రెడ్ జేమ్స్ రాసిన, బాగా సరిపోయే విలువలను వెతికే మినుయిట్ ప్రోగ్రామ్ పనిచేస్తోందని తెలిశాక గౌరవం ఇంకా పెరిగింది. ఆ మెచ్చుకోలును ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను కానీ, అది శిఖరం దగ్గర ఒక్కో బిన్‌లో వేల సంఘటనలున్న హిస్టోగ్రామ్‌ను చూసి అన్న మాట అని మాత్రం చెప్పాలి.

రెండో ఏడాది ప్రయోగశాలలో మ్యూయాన్ సగటు జీవితకాలాన్ని కొలిచే పని తీసుకున్నాను. కాస్మిక్ కిరణాలతో వచ్చిన మ్యూయాన్ సింటిలేటర్‌లో (కణం తగిలితే వెలుగు చిందే పదార్థంలో) ఆగినప్పుడు ఒక మెరుపు, అది క్షయమై ఎలక్ట్రాన్‌ను వెలువరించినప్పుడు మరో మెరుపు వస్తాయి. ఆ రెండింటి మధ్య కాలాన్ని నమోదు చేయడమే ప్రయోగం. సుమారు 2,000 సంఘటనలు పోగయ్యాక, 0 నుంచి 20 మైక్రోసెకన్ల వరకు 50 బిన్ల హిస్టోగ్రామ్ చేసి, క్షయాన్ని సూచించే ఎక్స్‌పొనెన్షియల్‌కు, యాదృచ్ఛికంగా వచ్చే సంఘటనల కోసం ఒక స్థిరమైన బ్యాక్‌గ్రౌండ్‌ను కలిపి ఫిట్ చేస్తే 2.08 మైక్రోసెకన్లు వచ్చింది. శూన్యంలో మ్యూయాన్ జీవితకాలం 2.197 మైక్రోసెకన్లు. నాది తక్కువగా వచ్చినా కంగారుపడలేదు, ఎందుకంటే దానికి ఒక మంచి కారణం చదివి ఉన్నాను: రుణావేశ మ్యూయాన్లను సింటిలేటర్‌లోని కార్బన్ కేంద్రకాలు కొంతవరకు పట్టుకుంటాయి, అందువల్ల వాటి జీవితకాలం కార్బన్‌లో సుమారు 2.03కు తగ్గుతుంది, ధన, రుణ మ్యూయాన్లు కలిసిన నమూనాలో సగటు ఆ రెండింటి మధ్య పడుతుంది. నివేదికలో ఆ పేరా ఎంతో ఇష్టంగా రాసుకున్నాను. కై-స్క్వేర్‌ను (రేఖకూ డేటాకూ ఉన్న తేడాల కొలతను) స్వతంత్రతా సంఖ్యతో (బిన్ల సంఖ్యలోంచి ఫిట్ చేసిన పరామితుల సంఖ్యను తీసేస్తే వచ్చేదానితో) భాగిస్తే మామూలుగా 1 దగ్గర రావలసింది, 1 కంటే బాగా తక్కువ వచ్చింది. దాన్ని కూడా మంచి ఫిట్‌కు గుర్తు అనుకున్నానే తప్ప, అంత తక్కువ ఎందుకు రావాలని అడగలేదు.

బొమ్మ ఇంకొంచెం నునుపుగా కనిపించాలని బిన్లను 200 చేశాను. అదే డేటా, అదే సూత్రం. ఈసారి 1.98 వచ్చింది. నమూనాలోని మ్యూయాన్లన్నీ రుణావేశమైనవే అయినా సగటు 2.03 కంటే కిందికి పోవడానికి నాకు తెలిసిన కారణం ఏదీ లేదు. సంఘటనలు కొత్తవైతే గణాంకపరమైన ఒడుదొడుకు అని సర్దుకోవచ్చు. ఇక్కడ మారింది బిన్ వెడల్పు ఒక్కటే. టైమింగ్ కాలిబ్రేషన్‌ను రెండుసార్లు మళ్లీ చేశాను, కేబుళ్లు మార్చాను, ఎలక్ట్రానిక్స్ వైపు అనుమానంతో రెండు వారాలు గడిపాను. చివరికి నిలువు అక్షాన్ని లాగ్ స్కేల్ నుంచి మామూలు స్కేల్‌కు మార్చినప్పుడు విషయం కంటబడింది. 10 మైక్రోసెకన్ల తర్వాత బిన్లలో చాలావరకు ఖాళీవి, అక్కడక్కడ ఒకటి చొప్పున సంఘటనలున్నాయి. ఫిట్ రేఖ మాత్రం ఆ ఖాళీలన్నిటి మీదుగా ఇంచుమించు ఒకటి ఎత్తులో అడ్డంగా సాగిపోతోంది. లాగ్ స్కేల్ మీద సున్నా బిన్లు కనిపించవు కనుక, అన్నాళ్లూ ఆ రేఖ ఉన్న బిందువులన్నిటి గుండా చక్కగా పోతున్నట్టే అనిపించింది.

కారణం డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. రూట్ హిస్టోగ్రామ్ ఫిట్ అప్రమేయంగా కై-స్క్వేర్‌ను వాడుతుంది, ఒక్కో బిన్ అనిశ్చితిని అందులో గమనించిన సంఖ్య వర్గమూలంగా తీసుకుంటుంది. సున్నా ఉన్న బిన్‌కు అనిశ్చితి కూడా సున్నా అవుతుంది, దానితో భాగించలేము, కాబట్టి ఆ బిన్‌ను లెక్కలోంచి తప్పిస్తుంది. కానీ ‘ఇక్కడ ఏమీ రాలేదు’ అన్నది కూడా కొలతే. బ్యాక్‌గ్రౌండ్ ఎంత తక్కువో చెప్పే సాక్ష్యం ప్రధానంగా ఆ ఖాళీ బిన్లలోనే ఉంది. వాటిని తీసేస్తే కనీసం ఒక సంఘటన వచ్చిన బిన్లే మిగులుతాయి, వాటిని చూసి బ్యాక్‌గ్రౌండ్ బిన్‌కు ఒకటి అని ఫిట్ తేల్చుకుంటుంది, పెరిగిన ఆ బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌పొనెన్షియల్ తోకను మింగి జీవితకాలాన్ని తగ్గిస్తుంది. మధ్య భాగంలోనూ పక్షపాతం ఉంది: ఒడుదొడుకు వల్ల కిందికి పడిన బిన్‌కు అనిశ్చితి తక్కువ, అంటే బరువు ఎక్కువ, కనుక రేఖ కిందికి లాగబడుతుంది. కై-స్క్వేర్ అంత చిన్నగా ఎందుకు వచ్చిందో కూడా అప్పుడు అర్థమైంది. ఒకటి ఉన్న బిన్, ఒకటి అనిశ్చితి, ఒకటి దగ్గర రేఖ: వాటి నుంచి వచ్చే వాటా సున్నాకు దగ్గరే ఉంటుంది.

పరిష్కారం ఒక్క అక్షరం. ఫిట్ ఆజ్ఞలో ‘ఎల్’ అనే ఆప్షన్ చేరిస్తే పాయిసాన్ లైక్లీహుడ్‌తో (బిన్‌లో అన్ని సంఘటనలు రావడానికి ఉన్న సంభావ్యతతో) చేస్తుంది, ఖాళీ బిన్లకూ వాటి వంతు ఇస్తుంది. 50 బిన్లతోనూ 200 బిన్లతోనూ 2.11కు అటూ ఇటూగా ఒకే విలువ వచ్చింది. కార్బన్ గురించి నేను రాసిన పేరా చివరికి నిజమే అయింది కానీ, దాన్ని తప్పు సంఖ్యను సమర్థించడానికి వాడాను. ఆ తర్వాత జీవితకాలం ముందే తెలిసిన 1,000 కృత్రిమ నమూనాలను తయారుచేసి రెండు పద్ధతులతోనూ ఫిట్ చేశాను. వచ్చిన విలువకూ అసలు విలువకూ తేడాను అనిశ్చితితో భాగించి గీస్తే, లైక్లీహుడ్ పంపిణీ సున్నా దగ్గర నిలబడింది, కై-స్క్వేర్ పంపిణీ స్పష్టంగా ఎడమకు జరిగింది. గణాంకశాస్త్రంలో నేను నిజంగా నేర్చుకున్న మొదటి పాఠం ఆ బొమ్మే.

ఆ ఒక్క అక్షరాన్ని కూడా అన్నిచోట్లా గుడ్డిగా వాడలేమని తర్వాత తెలిసింది. సిమ్యులేషన్ సంఘటనలకు బరువులు వేసి నింపిన హిస్టోగ్రామ్‌కు ‘ఎల్’ ఇస్తే అనిశ్చితులు సరిగా రావు, దానికి ‘డబ్ల్యూ ఎల్’ అనే మరో ఆప్షన్ ఉంది. పైగా లైక్లీహుడ్‌కు మారాక, సంఘటనలు తక్కువైతే, ఫిట్ ఎంత బాగుందో ఒక్క సంఖ్య చూసి చెప్పలేము. కృత్రిమ నమూనాలతోనే పోల్చుకోవాలి.

నా ఫిర్యాదు రూట్ దీన్ని దాచిందని కాదు. విద్యార్థి మొదట టైప్ చేసే ఆజ్ఞ ఒక గణాంక నిర్ణయాన్ని అతని బదులు తీసుకుని, ఎన్ని బిన్లను తప్పించిందో ఒక్క వాక్యంలోనైనా ముద్రించదు. ఇదే మినుయిట్‌ను పైథాన్‌లో అందించే ఐమినుయిట్‌లో కై-స్క్వేర్ కావాలా లైక్లీహుడ్ కావాలా అన్నది మనమే ఎంచుకుని రాయాలి, లేకపోతే పని మొదలే కాదు. మొదటి ఫిట్ నేర్పేటప్పుడు ఇప్పుడు నేను దాన్నే చూపిస్తున్నాను. అయినా రూట్‌ను వదల్లేదు. మా బృందం డేటా అంతా రూట్ ఫైళ్లలోనే ఉంటుంది, వందల కాలమ్‌లున్న ఫైల్‌లోంచి కావలసినవి మాత్రమే చదివే దాని వేగం నాకు రోజూ అవసరం, బిన్లే అక్కర్లేని ఫిట్లకు రూఫిట్ కూడా అందులోనే ఉంది. నేను చేసేది అరుదైన క్షయాల మీద పని కనుక ఖాళీ బిన్లు నాకు నిత్యం ఎదురవుతాయి, ఈ లోపం నాకు పెద్దదిగా కనిపించడానికి అదొక కారణం కావచ్చు. ప్రతి బిన్‌లోనూ వేల సంఘటనలతో పనిచేసేవారికి ఐదేళ్లయినా ఇది ఎదురుకాకపోవచ్చు, వారి సమీక్ష నా మొదటి ఏడాది మాటల్లాగే ఉండవచ్చు.