గల్లాపెట్టె పక్కన స్కానర్: కిరాణా కొట్లో డిజిటల్ వాలెట్లు వాడి చూశాక

తెనాలిలో మాది కిరాణా కొట్టు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాక నెల తిరక్కుండానే మొదటి వాలెట్ స్టికర్ అంటించాం. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా రకరకాల వాలెట్లు, యాప్‌లు, స్కానర్లు (ఫోన్‌తో స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ బొమ్మలని మేం ఇలాగే అంటాం) మా గల్లా దగ్గరికి వచ్చాయి, కొన్ని వెళ్లిపోయాయి. వీటి మీద అభిప్రాయాలు ఎక్కువగా డబ్బు కట్టేవాళ్లే రాస్తుంటారు. తీసుకునేవాళ్ల వైపు నుంచి చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి నేను రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: చిన్న వ్యాపారికి ఇది నిజంగా పనికొచ్చేదే. కాకపోతే కస్టమర్ ఫోన్ నుంచి బయల్దేరిన డబ్బు మన ఖాతాలో పడేలోపు ఎక్కడ ఆగుతుందో, ఎవరి చేతిలో ఉంటుందో తెలుసుకున్నవాళ్లకే పూర్తి లాభం.

పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల దారులు వేరు. వాలెట్ అంటే కస్టమర్ ముందుగా కొంత డబ్బు వేసి ఉంచుకునేది. అది కంపెనీ తరఫున బ్యాంకులో ఉంటుంది. మన దగ్గర సరుకు కొన్నప్పుడు అందులోంచి తగ్గి మన పేరున జమవుతుంది. మొదట్లో మాకు వచ్చింది ఇదే పద్ధతి. రోజంతా అమ్మినదంతా నా వాలెట్లో అంకెల్లో కనిపించేది, బ్యాంకులో మాత్రం ఉండేది కాదు. బ్యాంకుకి పంపుకోవాలంటే కొన్ని కంపెనీలు నూటికి ఇంత అని పట్టుకునేవి. కస్టమర్ దగ్గర ఒక వాలెట్, మా గోడ మీద ఇంకో కంపెనీ స్టికర్ ఉంటే బేరం పోయినట్టే. ప్రభుత్వాలు కూడా ఆ రోజుల్లో సొంతంగా తెచ్చాయి. ఇక్కడ ఏపీ పర్స్ అన్నారు, తెలంగాణలో 2017 జూన్‌లో టీ వాలెట్ మొదలైంది.

అసలు మార్పు యూపీఐతో వచ్చింది. 2016 ఏప్రిల్‌లోనే దాన్ని ప్రకటించినా, అదే ఏడాది డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చాకే మా వీధి దాకా చేరింది. ఇందులో డబ్బు ముందుగా ఎక్కడా వేసి ఉంచుకోనక్కర్లేదు. కస్టమర్ స్కాన్ చేస్తే ఆ గళ్ల బొమ్మలోంచి మా యూపీఐ ఐడీ అతని యాప్‌కి అందుతుంది. పిన్ కొట్టగానే అతని బ్యాంకు ఖాతాలో తగ్గుతుంది, మధ్యలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ రెండు బ్యాంకులనీ కలుపుతుంది. ఏ యాప్‌తో కట్టినా ఒకటే స్కానర్ చాలు. 2025 ఆగస్టులో దేశం మొత్తం మీద ఒక్క నెలలోనే ఇలాంటి చెల్లింపులు 2,000 కోట్లు దాటాయంటే, ఈ ఒక్క స్కానర్ సౌకర్యం ఎంత పని చేసిందో అర్థమవుతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. మామూలు సొంత ఐడీకి వచ్చే డబ్బు ఒక్కో చెల్లింపూ విడివిడిగా వెంటనే ఖాతాలో పడుతుంది. వ్యాపారుల కోసం కంపెనీ ఇచ్చే స్కానర్ అయితే చాలాసార్లు రోజంతటిదీ కలిపి రాత్రికో మర్నాటికో ఒకేసారి వేస్తారు. నాకు రెండోదే నచ్చింది. పాలప్యాకెట్టుకీ అగ్గిపెట్టెకీ ఒక్కో గీత చొప్పున పాస్‌బుక్ నిండిపోదు, రోజుకి ఒకే మొత్తం కనబడుతుంది. కానీ తెల్లారి హోల్‌సేల్ బజారులో రొక్కం కట్టి సరుకు తెచ్చుకునేవాళ్లు వెంటనే పడే ఏర్పాటే అడిగి పెట్టించుకోవాలి. ఆదివారాలు, పండగ సెలవుల్లో ఎప్పుడు పడుతుందో కూడా ముందే అడగాలి.

లాభాల్లో నేను మొదట చెప్పేది చిల్లర గురించే. పొద్దున ఆరింటి నుంచి ఎనిమిది దాకా మా కొట్లో జరిగేదంతా చిన్న బేరం. పాలు, పెరుగు, పావుకిలో పంచదార, రెండు షాంపూ ప్యాకెట్లు. లెక్క 37 అవుతుంది, 53 అవుతుంది. అందరూ తెచ్చేది ఐదు వందల నోటే. ఒకప్పుడు చిల్లర కోసం కమీషన్ ఇచ్చి మరీ నాణేల సంచులు తెచ్చుకునేవాళ్లం. రూపాయి, రెండు రూపాయలు లేకపోతే చాక్లెట్ చేతిలో పెట్టేవాళ్లం. పెద్దవాళ్లు "నాకెందుకమ్మా ఇది" అని మొహం చిట్లించేవారు, వాళ్ల మాట న్యాయమే. ఇప్పుడు 37 అంటే 37 రూపాయలే పడతాయి. ఇది ఎంత ఊరటో గల్లా మీద కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. సాయంత్రం లెక్క చూసుకుంటే తేడా రావడం కూడా బాగా తగ్గింది.

రెండోది సౌండ్ బాక్స్, అంటే డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే చిన్న పెట్టె. మేమందరం డబ్బా అంటాం. అద్దె నెలకి వంద రూపాయల చుట్టుపక్కల. లోపల దాని సిమ్ దానికే ఉంటుంది, మన ఫోన్‌తో పని లేదు. తెలుగులో పలుకుతుంది. ఫోన్‌పే వాళ్ల దాంట్లో మహేశ్ బాబు గొంతు కూడా పెట్టారు, పిల్లలు దాన్ని వినడానికే తాము కడతామని అడుగుతారు. ఈ డబ్బా రాకముందు మా ఇంట్లో ఒక ఇబ్బంది ఉండేది. ఖాతా మా ఆయన ఫోన్ నంబరు మీద ఉంది. ఆయన సరుకుకి గుంటూరు వెళితే కొట్లో ఉండేది నేను. కస్టమర్ "వేశానండీ" అంటే, వచ్చిందో లేదో ఆయనకి ఫోన్ చేసి అడగాలి. ఆయన బండి మీద ఉంటే ఫోన్ ఎత్తరు. కస్టమర్ నిలబడి ఉంటాడు, నమ్మి పంపాలా వద్దా తేలదు. డబ్బా వచ్చాక ఆ ప్రశ్నే లేదు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు, పనికుర్రాళ్లు ఎవరు గల్లా మీద ఉన్నా కొట్టు నడుస్తుంది. నన్నడిగితే ఈ మొత్తం ఏర్పాటులో అద్దె కట్టదగ్గ వస్తువు ఇదొక్కటే.

దొంగ స్క్రీన్‌షాట్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. ఒకరోజు ఓ కుర్రాడు నాలుగు నూనె ప్యాకెట్లు బల్ల మీద పెట్టించి, "అక్కా, కొట్టేశాను చూడండి" అని ఫోన్ తిప్పి చూపించాడు. పచ్చ టిక్కు, మా కొట్టు పేరు, సరిగ్గా మొత్తం, అన్నీ ఉన్నాయి. డబ్బా మాత్రం పలకలేదు. "డబ్బా చెప్పలేదు బాబూ, ఒక్క నిమిషం ఆగు" అన్నాను. "నెట్ స్లోగా ఉందేమో అక్కా" అన్నాడు. ఈలోగా వెనక నిలబడ్డ పిన్నిగారు 25 రూపాయలు కడితే డబ్బా టక్కున పలికింది. కుర్రాడు "ఏటీఎంకి వెళ్లొస్తా" అని ప్యాకెట్లు అక్కడే వదిలి వెళ్లాడు, మళ్లీ రాలేదు. అచ్చం అసలు యాప్‌లా కనిపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. అందుకే కస్టమర్ ఫోన్‌లో ఏం కనిపించినా అది రుజువు కాదు. మన డబ్బా పలకాలి, లేదా మన యాప్‌లో కనిపించాలి. పొద్దున కొట్టు తీయగానే స్కానర్ మీద ఇంకెవరైనా వేరే స్టికర్ అంటించారేమో చూసుకోవడం, ఒక్క రూపాయి వేసి పేరు సరిచూసుకోవడం మాకు అలవాటైపోయింది.

అన్నీ మోసాలే కావు. నిజంగానే కస్టమర్ ఖాతాలో తగ్గి మనకి పడని సందర్భాలుంటాయి. అప్పుడు ఇద్దరం గొడవపడే పని లేదు. రిజర్వ్ బ్యాంకు 2019లోనే నియమం పెట్టింది: వ్యాపారికి కట్టిన యూపీఐ చెల్లింపు పూర్తికాకపోతే ఐదు రోజుల్లో కస్టమర్ ఖాతాలోకి తిరిగి వేయాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ మాట నెమ్మదిగా చెబితే చాలామంది శాంతిస్తారు. తెలిసినవాళ్లయితే సరుకిచ్చి పంపి పుస్తకంలో రాసుకుంటాను.

ఖర్చు విషయానికి వస్తే, బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి వ్యాపారి నుంచి రుసుము తీసుకోకూడదని 2020 జనవరి 1 నుంచి నియమం. కార్డు మెషీన్ పెట్టుకోలేని మాలాంటి కొట్లకి దీంతోనే దారి దొరికింది. కానీ అదే స్కానర్ మీద వాలెట్ డబ్బుతోనో రూపే క్రెడిట్ కార్డుతోనో కడితే లెక్క వేరు. 2,000 రూపాయలు దాటిన వాలెట్ చెల్లింపు మీద 2023 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా నూటికి 1.1 దాకా ఇంటర్‌చేంజ్ అనే రుసుము ఉంది. అది కస్టమర్ మీద పడదు, వ్యాపారి వైపు నుంచే వెళుతుంది. క్రెడిట్ కార్డుకి కూడా చిన్న వ్యాపారులకి 2,000 దాకా రుసుము లేదు, ఆపైన ఉంటుంది. నెలసరి పచారీ చిట్టా ఇచ్చేవాళ్లది ఆ గీత సులువుగా దాటుతుంది. పప్పు, నూనె మీద మాకు మిగిలేదే అంతంత మాత్రం కాబట్టి నెలాఖరున స్టేట్‌మెంట్‌లో ఈ కోత ఎంతుందో చూసుకోవాలి.

యూపీఐ లైట్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ చిన్న కొట్లకి అది వరం. 2022లో వచ్చింది. ఫోన్‌లోనే 5,000 దాకా వేసి ఉంచుకోవచ్చు, ఒక్కసారికి 1,000 దాకా పిన్ లేకుండా కట్టొచ్చు. ఒక రకంగా పాత వాలెట్టే మళ్లీ వచ్చినట్టు, కానీ ఈసారి ఏ కంపెనీ స్కానర్ అయినా సరే. బ్యాంకు సర్వర్ నెమ్మదించినా దీంతో కట్టడం చాలావరకు ఆగదు. రోజూ పాలకి వచ్చేవాళ్లకి నేనే చెప్పి పెట్టిస్తుంటాను.

ఇక ఇబ్బందులు. 2025 ఏప్రిల్ 12, శనివారం, దేశమంతటా యూపీఐ మొరాయించింది. మార్చి 26న కూడా అలాగే అయింది. జేబులో రూపాయి లేకుండా వచ్చేవాళ్లే ఎక్కువైన ఈ రోజుల్లో వ్యాపారం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఆ రోజు మాకు పాత ఖాతా పుస్తకం పనికొచ్చింది. పేరు, మొత్తం రాసుకుని సరుకిచ్చాం, దాదాపు అందరూ మర్నాటికి కట్టేశారు. అందుకే గల్లాలో కొంత చిల్లర, కొట్లో ఒక పుస్తకం ఎప్పుడూ ఉంచుతాం.

ఇంతకంటే భయపెట్టేది ఖాతా స్తంభింపజేయడం. మా వీధిలో రీచార్జి షాపు నడిపే తమ్ముడికి ఎవరో కస్టమర్ కట్టిన డబ్బు ఎక్కడో సైబర్ మోసంలో పోయిన డబ్బట. వేరే రాష్ట్రం పోలీసుల నుంచి ఉత్తరం వచ్చిందని బ్యాంకు అతని ఖాతా ఆపేసింది. అతనికి ఆ కస్టమర్ ఎవరో కూడా గుర్తు లేదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు అన్నీ ఆ ఖాతాలోంచే. బిల్లులు, అమ్మకం వివరాలు పట్టుకుని తిరిగి తిరిగి బయటపడ్డాడు. అది చూశాక మేం స్కానర్‌కి విడిగా కరెంటు ఖాతా పెట్టుకున్నాం. వచ్చింది వచ్చినట్టు ఇంటి ఖాతాకి, సరుకు ఖాతాకి పంచేస్తాం. పెద్ద మొత్తాలకి బిల్లు తప్పకుండా రాస్తాం. ముక్కూమొహం తెలియనివాళ్లు "మీకు ఫోన్‌పే చేస్తా, నాకు నగదు ఇవ్వండి" అంటే ససేమిరా ఒప్పుకోము.

లెక్కలు బయటపడతాయని భయపడే వ్యాపారులు ఇప్పటికీ ఉన్నారు. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ రాబడి చూసి చిన్న కొట్లకి జీఎస్టీ నోటీసులు వెళ్లినప్పుడు అక్కడ చాలామంది స్కానర్లు తీసేశారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా నేను తీసేయలేదు. మన ఆంధ్రాలో సరుకులు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి, తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. ఎక్కడున్నామో లెక్క తెలిస్తే భయం ఉండదు. పైగా ఆదాయపు పన్నులో అమ్మకం మీద అంచనా లాభం చూపి కట్టే పద్ధతి ఎంచుకున్న చిన్న వ్యాపారులు నగదు అమ్మకం మీద నూటికి 8 లాభంగా చూపాలి, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 చూపితే చాలు. ఈ తేడా మా ఆడిటర్ గారు చెప్పేదాకా బజారులో సగం మందికి తెలియదు. బ్యాంకులో ముద్రా రుణం అడిగినప్పుడు కూడా ఆ స్టేట్‌మెంటే మా తరఫున మాట్లాడింది.

యాప్‌లో కనిపించే అప్పుల సంగతి వేరు. "మీకు రుణం సిద్ధం" అని రోజూ వస్తుంది. వాయిదా రోజువారీ అమ్మకంలోంచి ముందే పట్టుకుని మిగిలింది ఖాతాలో వేస్తారు. బేరం లేని రోజుల్లో హోల్‌సేల్ వాళ్లకి కట్టడానికి చేతిలో ఏమీ మిగలదు. బ్యాంకు అప్పు దొరికే అవకాశం ఉన్నవాళ్లు అటే వెళ్లండి.

అరువు ఖాతాలకి మాత్రం ఇది ఎంత మేలు చేసిందో. మా దగ్గర పెద్దావిడ ఒకరున్నారు, నెలంతా రాసుకుంటారు. ఒకటో తారీఖున వాళ్లబ్బాయి హైదరాబాదు నుంచే మా ఐడీకి పంపేస్తాడు, నేను పుస్తకంలో గీత కొట్టి ఆవిడకి చూపిస్తాను. అమెరికాతో సహా కొన్ని దేశాల ఫోన్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకి (విదేశాల్లో ఉండే మనవాళ్లకి ఇక్కడి బ్యాంకుల్లో ఉండేవి) యూపీఐ కలుపుకునే వీలు 2023 నుంచి ఉంది కాబట్టి అక్కడున్న పిల్లలు కూడా ఇలా కట్టొచ్చు.

ఇంకా రావాల్సింది ఫిర్యాదు చెప్పుకునే చోటు. డబ్బు ఆగినప్పుడు యాప్‌లో మనిషి బదులు జవాబిచ్చే చాట్‌బాట్ ఇంగ్లీషులోనో హిందీలోనో అవే నాలుగు ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతుంది. డబ్బు పడిందని తెలుగులో చెప్పే డబ్బా ఇచ్చినవాళ్లు, పడకపోతే తెలుగులో మాట్లాడే మనిషిని కూడా ఇవ్వాలి. అద్దె మరో పది రూపాయలు పెంచినా నేను సంతోషంగా కడతాను.