క్యాడిలాక్, లింకన్: పడి లేచిన ఈ రెండింటిలో ఏది మేలు?

అమెరికా విలాస కార్ల మాట రాగానే రెండు పేర్లు పోటీగా వినిపిస్తాయి: క్యాడిలాక్, లింకన్. ఒకటి జనరల్ మోటార్స్‌ది, రెండోది ఫోర్డ్‌ది. రెండింటికీ పునాది వేసింది మాత్రం ఒకే మనిషి, హెన్రీ లేలాండ్. ఆయన పని నేర్చుకున్నది తుపాకుల కార్ఖానాల్లో. ఒక తుపాకీలో భాగం పాడైతే ఇంకో తుపాకీ భాగం తీసి బిగించినా సరిగ్గా కుదరాలన్నది అక్కడి నియమం. ఆ పట్టుదలను లేలాండ్ కార్లలోకి తెచ్చాడు.

1902లో హెన్రీ ఫోర్డ్ తన పేరుతోనే ఉన్న కంపెనీ నుంచి పెట్టుబడిదారులతో పొసగక వెళ్లిపోయాడు. మిగిలిన యంత్రాలకు వెల కట్టడానికి వాళ్లు లేలాండ్‌ను పిలిచారు. అమ్మవద్దు, నా ఇంజన్‌తో కార్లు చేయండి అని ఆయన ఒప్పించాడు. డెట్రాయిట్ నగరాన్ని 1701లో స్థాపించిన ఫ్రెంచి అధికారి పేరు ఆ కంపెనీకి పెట్టారు. అదే క్యాడిలాక్. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు క్యాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగాలన్నీ కలిపేసి, మళ్లీ మూడు కార్లుగా బిగించారు. మూడూ లేచి 500 మైళ్లు పరుగెత్తాయి. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఇచ్చే డివార్ ట్రోఫీ ఆ పరీక్షకే దక్కింది. 'ప్రపంచానికే ప్రమాణం' అని క్యాడిలాక్ చెప్పుకోవడం వెనక ఆ రోజు నిరూపించిన పనితనం ఉంది.

1909లో జనరల్ మోటార్స్ క్యాడిలాక్‌ను కొన్నది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో యాజమాన్యంతో విభేదించి లేలాండ్ బయటికి వచ్చి, తాను 1864లో తొలిసారి ఓటు వేసిన అబ్రహాం లింకన్ పేరుతో కొత్త కంపెనీ పెట్టాడు. ముందు విమానాల ఇంజన్లు, తర్వాత 1920లో కార్లు. డబ్బు చాలక కంపెనీ దివాలా దాకా వచ్చింది. 1922లో 80 లక్షల డాలర్లకు దాన్ని కొన్నవాడు హెన్రీ ఫోర్డ్. కొన్ని నెలలు తిరగకుండానే లేలాండ్‌కూ ఆయన కొడుక్కూ ఆ కంపెనీలో చోటు లేకుండా పోయింది. ఇరవై ఏళ్ల కిందటి లెక్క తిరగబడింది.

ఒకే చేతి మీదుగా పుట్టిన ఈ రెండు కార్లూ శిఖరాలు ఎక్కాయి, పరువు పోగొట్టుకున్నాయి, మళ్లీ లేవడానికి ప్రయత్నించాయి. ఏది బాగా లేచింది? నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: కంపెనీ తన డబ్బును కారు లోపల పెట్టిందా, ముందు అతికించే చిహ్నం మీద పెట్టిందా? అమ్మకాల సంఖ్యలు ఆ తర్వాతే.

ఎదుగుదల సంగతి ముందు చూద్దాం. ఇంజనీరింగులో క్యాడిలాక్‌దే పైచేయి. 1912 మోడల్‌లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ వచ్చింది. అంతకుముందు ఇంజన్ లేవాలంటే ముందుకు వెళ్లి ఇనుప హ్యాండిల్ తిప్పాలి, అది వెనక్కి తన్నితే చేతి ఎముక విరిగేది. బలమున్నవాళ్లే కారు నడపాలన్న పరిమితిని చెరిపేసిన సాధనం అది. 1915 మోడల్‌కు పెద్ద సంఖ్యలో తయారయ్యే వీ8 (వీ ఆకారంలో అమర్చిన ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, 1930లో పదహారు సిలిండర్ల వీ16 ఇచ్చింది. 1948లో యుద్ధవిమానం చూసి గీసిన తోక రెక్కలు, మరుసటి ఏడాది కొత్త వీ8 వచ్చాయి. తర్వాతి పదేళ్లు అమెరికాలో విజయానికి గుర్తు క్యాడిలాకే.

ఈ ఎదుగుదలలో నేను ఎక్కువగా తలుచుకునే మనిషి నికొలస్ డ్రేస్టాట్. మహామాంద్యం రోజుల్లో క్యాడిలాక్‌ను మూసేయాలా అన్న ఆలోచన నడుస్తున్నప్పుడు ఆయన సర్వీసు విభాగం చూస్తున్నాడు. నల్లజాతి వారికి కార్లు అమ్మకూడదన్నది కంపెనీ పద్ధతి. కానీ సర్వీసుకు వచ్చే కార్ల యజమానుల్లో నల్లజాతి వైద్యులు, వ్యాపారులు, బాక్సింగ్ వీరులు ఎందరో ఉన్నారని, తెల్లవారికి అదనంగా డబ్బు ఇచ్చి వారి పేరు మీద కారు కొనుక్కుంటున్నారని ఆయన గమనించాడని చెబుతారు. నేరుగా అమ్మడానికి యాజమాన్యాన్ని ఒప్పించాడు, అమ్మకాలు లేచాయి. అందులో లాభం లెక్క ఉన్న మాట నిజమే. అయినా కొనేవాడిని కళ్లెత్తి చూసి గౌరవించిన నిర్ణయం అది. ఆ చూపు పోయినప్పుడే క్యాడిలాక్ పతనం మొదలైంది.

లింకన్ ఎదుగుదలకు కారణం వేరు: కళాదృష్టి. హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్‌కు అందం తెలుసు. 1939లో తన సొంతానికి చేయించుకున్న కారే కాంటినెంటల్‌గా మార్కెట్లోకి వచ్చింది. 1943లో ఎడ్సెల్ చనిపోయాక ఆ దృష్టి చాలాకాలం కరువైంది. 1958 మోడల్ నుంచి వచ్చిన భారీ కార్లు నష్టాలు తెచ్చాయి. లింకన్‌ను ఎత్తేయాలా అన్న మాట నడుస్తున్నప్పుడే, ఫోర్డ్ డిజైనర్ ఎల్వుడ్ ఎంగెల్ థండర్‌బర్డ్ అనే ఫోర్డ్ కారు కోసం గీసిన నమూనా మీద కంపెనీ ఉన్నతాధికారి రాబర్ట్ మెక్‌నమారా కన్ను పడింది. అది 1961 కాంటినెంటల్ అయింది. ముందటి కారు కంటే అడుగుకు పైగా పొట్టి. ఒంటి మీద నగలు లేవు, రెక్కలు లేవు, వెనక తలుపులు ఎదురు దిక్కుకు తెరుచుకుంటాయి. ప్రతి కారునూ రోడ్డు మీద నడిపి చూశాకే పంపేవారు. రెండేళ్లు లేదా 24,000 మైళ్ల హామీ ఇచ్చారు, అప్పటి మామూలు హామీకి అది రెట్టింపు. క్యాడిలాక్ తన రెక్కలు ఇంకా కత్తిరించుకోకముందే లింకన్ అంత నిరాడంబరంగా వచ్చి నిలబడింది. అందం విషయంలో నా ఓటు సందేహం లేకుండా ఆ కారుకే. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా చేసిన సెడాన్లలో అంతకంటే నిండైనది నాకు కనిపించదు.

ఈ పోటీలో మూడోవాడినీ ఇక్కడే చెప్పాలి. 1930ల్లో అమెరికా శ్రీమంతుల మొదటి ఎంపిక నిజానికి ఈ రెండూ కాదు, ప్యాకార్డ్. మాంద్యాన్ని తట్టుకోవడానికి 1935లో వెయ్యి డాలర్ల లోపు ధరకు వన్ ట్వంటీ అనే మోడల్ తెచ్చింది. అది కంపెనీని బతికించింది. కానీ యుద్ధం ముగిశాక కూడా ప్యాకార్డ్ చౌక కార్ల మీదే నడిచింది, పెద్దింటి బళ్ల స్థానం క్యాడిలాక్‌కు వదిలేసింది. 1954లో స్టూడెబేకర్ అనే మరో కార్ల కంపెనీతో కలిసింది. 1957, 58 మోడళ్లు స్టూడెబేకర్ బళ్లకు ప్యాకార్డ్ పేరు తగిలించినవే. దాంతో కథ ముగిసింది. వెనక జనరల్ మోటార్స్ అంతటి అండ ఉంటే ప్యాకార్డ్ కూడా ఈ రోజు ఉండేదని నా నమ్మకం. కాబట్టి ఇప్పుడు పోలుస్తున్న రెండూ బతికి ఉండటంలో వాటి గొప్ప ఎంతో, తల్లి కంపెనీ జేబు బలం కూడా అంతే.

ఇక పతనం. క్యాడిలాక్‌ది పెద్ద చప్పుడుతో జరిగిన పతనం. 1978లో అమెరికాలో దాదాపు మూడున్నర లక్షల కార్లు అమ్మింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఒకదాని వెనక ఒకటి నాలుగు పొరపాట్లు. జనరల్ మోటార్స్‌లోని మరో బ్రాండు ఓల్డ్స్‌మొబైల్ నుంచి తెచ్చిన డీజిల్ వీ8లో సిలిండర్ హెడ్ బోల్టులు నిలవలేదు. 1981లో, అవసరాన్ని బట్టి ఎనిమిది సిలిండర్లలో రెండో నాలుగో ఆగిపోయే ఇంజన్ తెచ్చారు. ఆలోచన మంచిదే, ఇప్పటి ఇంజన్లలో అది మామూలు. అప్పటి కంప్యూటర్‌కు ఆ వేగం లేదు. బండి కుదుపులు భరించలేక యజమానులు ఆ ఏర్పాటును తీయించేసుకునేవారు. 1982లో వచ్చిన కొత్త అల్యూమినియం ఇంజన్‌కు బలమూ లేదు, మన్నికా లేదు.

నాలుగోది సిమరాన్. షెవర్లే కావలియర్ అనే చిన్న కారుకు తోలు సీట్లు వేసి, క్యాడిలాక్ చిహ్నం అతికించి, చాలా ఎక్కువ ధర పెట్టారు. పక్కపక్కన నిలబెడితే రెండూ ఒకటేనని ఎవరికైనా తెలిసిపోయేది. కొలతల కచ్చితత్వం కోసం ప్రాణం పెట్టిన మనిషి స్థాపించిన కంపెనీ అది. సిమరాన్ గురించి చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. ఇంజన్లలో జరిగినవి ప్రయత్నంలో దొర్లిన తప్పులు. సిమరాన్ మాత్రం కొనేవాడికి ఏం తెలుస్తుందిలే అనుకుని చేసినది. డ్రేస్టాట్ చూపించిన గౌరవానికి అది సరిగ్గా ఎదురు.

లింకన్ పతనంలో ఇంత రభస లేదు. నిజానికి 1980ల్లో క్యాడిలాక్ పోగొట్టుకున్న గిరాకీ కొంత దానికి కలిసొచ్చింది. జనరల్ మోటార్స్ పెద్ద కార్లన్నీ ఒకేలా ఉండటంతో ఏది ఎవరిదో పోల్చుకోలేక యజమానులు తికమకపడుతున్నట్టు 1985లో లింకన్ టీవీ ప్రకటన వేసింది. 1997లో నావిగేటర్ అనే పెద్ద ఎస్‌యూవీని దించింది. 1998లో అమ్మకాల్లో క్యాడిలాక్‌ను దాటేసింది కూడా. ఆ ఏడాది మొదట తానే ముందున్నానని ప్రకటించిన క్యాడిలాక్, అంకెలు ఎక్కువ చేసి చూపామని తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చింది.

అంత ఊపులో ఉన్నప్పుడే లింకన్ చేతులు ముడుచుకుంది. ఫోర్డ్ అప్పట్లో జాగ్వార్, వోల్వో, ల్యాండ్ రోవర్ వంటి ఐరోపా కంపెనీలను పోగేసి డబ్బు అటు పోసింది. ఇంట్లో బిడ్డ లింకన్‌కు మిగిలింది ఫోర్డ్ కార్ల మీద కొత్త తొడుగు. ఎంకేజెడ్, ఎంకేఎస్, ఎంకేటీ అని అక్షరాలు పేర్లుగా పెట్టారు. ఏది సెడానో ఏది ఎస్‌యూవీయో గుర్తుపెట్టుకోవడం కష్టం. లింకన్ పెద్ద సెడాన్ టౌన్ కార్ టాక్సీల వాళ్ల బండిగా మిగిలి 2011లో ఆగిపోయింది. క్యాడిలాక్ తప్పులు చేసి పడింది, లింకన్ ఏమీ చేయక పడింది. రెండోదానికి క్షమాపణ తక్కువని నేను అనుకుంటాను.

పునరుజ్జీవనంలోనే అసలు తేడా తేలుతుంది. 1999లో ఈవోక్ అనే నమూనా కారుతో క్యాడిలాక్ పదునైన అంచుల కొత్త రూపం చూపించింది. 2002లో సీటీఎస్ అనే సెడాన్ వచ్చింది. రూపం కంటే ముఖ్యం దాని అడుగున ఉన్నది: వెనక చక్రాలతో నడిచే కొత్త చట్రం, మిషిగన్ రాష్ట్రం లాన్సింగ్‌లో కొత్త కార్ఖానా, జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ ట్రాక్ మీద పరీక్షలు. 2008లో సీటీఎస్‌కు వేగమైన రూపమైన రెండో తరం సీటీఎస్-వీ ఆ ట్రాక్‌ను ఎనిమిది నిమిషాల లోపు చుట్టివచ్చింది. సిమరాన్ తలవంపుల తర్వాత పాతికేళ్లకు వచ్చిన జవాబు అది. ఈ దశాబ్దంలో వచ్చిన సీటీ5-వీ బ్లాక్‌వింగ్ 668 అశ్వశక్తితో, కాలితో క్లచ్ తొక్కి చేత్తో గేరు మార్చే ఏర్పాటుతో వస్తుంది. ఇలాంటి కారు లాభం కోసం మాత్రమే ఎవరూ చేయరు.

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. 2015లో ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్కుకు తరలించి కొన్నేళ్లకే వెనక్కి తెచ్చుకుంది. సీటీ6 అనే పెద్ద సెడాన్ కోసం ప్రత్యేకంగా చేసిన వీ8 ఇంజన్‌ను రెండేళ్లు నిండకుండా ఆపేసింది. పేర్ల విషయంలో లింకన్ చేసిన తప్పే చేసి, సీటీ, ఎక్స్‌టీ అని అక్షరాలు, వాటి పక్కన అంకెలు పెట్టింది. తెచ్చిపెట్టే డబ్బులో పెద్ద వాటా ఇప్పటికీ ఎస్కలేడ్ అనే భారీ ఎస్‌యూవీది. అయినా విద్యుత్ కార్లలో మళ్లీ లోపలికే డబ్బు పోసింది: 2022లో లిరిక్, ఆ తర్వాత ఆప్టిక్, విస్టిక్. 2026 నుంచి ఫార్ములా వన్ పందేల్లో సొంత జట్టు.

లింకన్ 2016లో కాంటినెంటల్ పేరును తిరిగి తెచ్చింది. పేరు గొప్పది, అడుగున ఉన్నది ముందు చక్రాలతో నడిచే ఫోర్డ్ చట్రమే. 2020లో ఆపేసింది. అమెరికాలో ఇప్పుడు లింకన్ అమ్మేవన్నీ ఎస్‌యూవీలే. సొంత విద్యుత్ కారు ఒక్కటీ లేదు. రివియన్ అనే విద్యుత్ వాహనాల కంపెనీ చట్రం మీద అనుకున్నదాన్ని 2020లో మానుకుంది. నాటిలస్ అనే ఎస్‌యూవీని చైనాలో తయారుచేయించి అమెరికాకు తెస్తోంది.

మరి లింకన్‌లో ఏమీ లేదా అంటే ఉంది, అది చిన్నది కాదు. వేగంలో జర్మన్లతో పందెం కట్టడం మానేసి ప్రశాంతతను ఎంచుకుంది. హెచ్చరిక గంటలను డెట్రాయిట్ సింఫనీ ఆర్కెస్ట్రా చేత వాయించి రికార్డు చేయించింది. సీటు బెల్టు పెట్టుకోలేదని గుర్తుచేసే చిన్న శబ్దం కూడా చెవికి ఇంపుగా ఉండాలన్న శ్రద్ధ అది. ముప్పై రకాలుగా సర్దుకునే సీట్లలో తొడలకు విడివిడిగా ఆసరా ఉంటుంది. క్యాడిలాక్ ఒకసారి బీఎండబ్ల్యూలా, ఇంకోసారి టెస్లాలా ఉండాలని ఆరాటపడుతుంటే, తానేమిటో తెలిసిన నిబ్బరం లింకన్‌లో కనిపిస్తుంది.

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్ వంటి ఊళ్లలో స్థిరపడిన మన తెలుగువాళ్లలో ఈ రెండు కంపెనీల్లో పనిచేసేవారు ఉన్నారు. వారికి ఇది ఉద్యోగానికి ముడిపడిన ప్రశ్న కూడా. కొనే దృష్టితో అడిగేవారికి నా సమాధానం ఇది. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని దూరప్రయాణాలు చేసే కుటుంబానికైతే నావిగేటర్ హాయి. కారు నడపడంలో ఆనందం వెతుక్కునేవారికి, విద్యుత్ కారు కావాలనుకునేవారికి క్యాడిలాకే దారి, లింకన్ దగ్గర వారికి తగినది లేదు.

ఏది బాగా లేచిందన్న పెద్ద ప్రశ్నకు నా తీర్పు క్యాడిలాక్. 2024లో అమెరికాలో అది లక్షా అరవై వేల కార్లు అమ్మితే, లింకన్ లక్ష పైచిలుకు అమ్మింది. ఆ అంకెల కోసం కాదు ఈ తీర్పు. సొంత చట్రం, సొంత ఇంజన్ల కోసం ఇరవై ఏళ్లకు పైగా ఖర్చు పెడుతూ వచ్చింది కనుక. ఫోర్డ్ రేపు లింకన్‌కు ఒక్కదానికే చెందిన చట్రం ఇచ్చి, 1961 నాటి నిగ్రహంతో ఒక సెడాన్ చేయిస్తే ఈ తీర్పును మార్చుకోవడానికి నేను సంతోషంగా సిద్ధం. అలాంటి సూచన మాత్రం ఇప్పటికి కనిపించడం లేదు.