ఆరేళ్లుగా ఇసుక తిన్నెల మీద నా 70-300 లెన్స్

ఎడారి ఫొటోలకు ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్ ఉంటే చాలని నేనూ అనుకునేవాణ్ణి. మొదటిసారి జైసల్మేర్ వెళ్లినప్పుడు అదొక్కటే పట్టుకెళ్లాను. ఊరికి 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ తిన్నెల మీద తీసిన ఫొటోల్లో సగం ఆకాశం, మిగతా సగం మనుషుల అడుగులు, ఒంటెల అడుగులు. బెంగళూరు తిరిగొచ్చిన నెలలోనే సెకండ్ హ్యాండ్‌లో 70-300 ఎంఎం జూమ్ కొన్నాను, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగి చూపించే లెన్స్; అంకె పెరిగేకొద్దీ ఇంకా దగ్గరకొస్తుంది. ఈ ఆరేళ్లలో అది నాతో మూడుసార్లు రాజస్థాన్ వచ్చింది. కర్ణాటకలో కావేరి ఒడ్డున ఇసుక దిబ్బలుండే తలకాడుకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు.

దీనివల్ల నాకు దొరికిన పెద్ద సుఖం, తీయాలనుకున్న ఇసుకను తొక్కక్కర్లేకపోవడం. గాలి గీసిన అలల మీద ఒక్క కాలు పడితే ఆ ఫ్రేమ్ పోయినట్టే, మళ్లీ గాలి వీచి సర్దేదాకా రాదు. ఇప్పుడు అంచున నిలబడే జూమ్ 200 దగ్గర పెట్టి తీస్తాను. వెనకున్న దిబ్బలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరకొస్తాయి. థార్‌లో ఇసుకను కదిలించే గాలులు ఎక్కువగా వేసవిలో నైరుతి నుంచి వస్తాయి కాబట్టి చాలా తిన్నెలకు నిటారు వైపు ఈశాన్యంలో ఉంటుంది. సాయంత్రం ముందుగా నీడలోకి జారేది ఆ వైపే. అందుకే సూర్యాస్తమయానికి ఎదురుగా నిలబడకుండా ఎండను పక్కకు పెట్టుకుంటాను.

జైసల్మేర్ దగ్గరే తిన్నెలున్న ఇంకో ఊరు ఖురీలో ఒక సాయంత్రం 300 దగ్గర పెట్టి చూస్తే, ఇసుక అలలకు అడ్డంగా ఏదో పురుగు నడిచిపోయిన జాడ కనిపించింది. కుట్టు మిషన్ వేసినట్టు రెండు వరసల చుక్కలు, ఒక్కో చుక్కలో రవ్వంత నీడ. అరగంట ముందు అదే చోటు చూశాను, ఏమీ లేదనిపించింది. ఎండ వాలితేగానీ అవి పైకి తేలలేదు. ఆ ఫొటో ప్రింటు ఇప్పటికీ మా హాల్లో ఉంది.

సెట్టింగుల సంగతి. ఇసుక తెల్లగా మెరుస్తుంటే కెమెరా మోసపోయి ఫొటోను చీకటి చేస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) అర స్టాపో ముప్పావు స్టాపో పెంచుకోవాలి; ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు. రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే ఆ బంగారు రంగును అదే కడిగేస్తుంది, డేలైట్‌లో పెట్టండి. లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకెల్లో ఎఫ్ 8 నాకు బాగా కుదిరింది. వెలుగు తగ్గేకొద్దీ ఐఎస్ఓ (వెలుగును కెమెరా పట్టే సున్నితత్వం) పెంచడానికి వెనకాడకండి, చెయ్యి వణికిన ఫొటో కంటే కాస్త గరుకుగా వచ్చింది నయం.

ఇక బాధ. జూమ్ తిప్పితే గొట్టం ముందుకు పొడుచుకొస్తుంది, అలా వచ్చేటప్పుడు గాలితోపాటు ఇసుకను లోపలికి లాక్కుంటుంది. రెండో ట్రిప్ తర్వాత రింగు తిప్పినప్పుడల్లా కరకరమనేది. ఆ శబ్దం వింటే పళ్లు జివ్వుమనేవి. బాగుచేయమని ఇస్తే ఒక సర్వీసు సెంటర్‌వాళ్లు మూడు వారాలు ఉంచుకుని అలాగే తిరిగిచ్చారు. చివరికి బాగుచేసింది ఓ చిన్న రిపేరు షాపులోని చిత్తూరు కుర్రాడు. లెన్స్ విప్పుతూ, "ఇది దుమ్ము కాదన్నా, ఇసుక. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ముందు బ్లోయరుతో ఊదాల" అన్నాడు. అప్పటిదాకా నేను చొక్కా అంచుతో తుడిచేవాణ్ణి. ముందు గాజు మీద ఆ గీత ఇంకా ఉంది, ఎండకు ఎదురుగా తీస్తే కనబడుతుంది.

అప్పటి నుంచి లెన్స్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాను. తిన్నె మీద లెన్స్ మార్చే పని పెట్టుకోను. మొదటిసారి వెళ్లేవాళ్లు ముందు ఒక శనివారం కనకపుర, మళవళ్లి మీదుగా తలకాడు వెళ్లి చేయి అలవాటు చేసుకోండి. అది కావేరి ఇసుకే అయినా, ఎండ వాలాక నీడలు ఎలా పాకుతాయో అక్కడే తెలిసిపోతుంది. కొత్తగా కొనేవాళ్లకు జూమ్ చేసినా పొడవు మారని లెన్స్ దొరికితే, బరువైనా, నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోమంటాను.