తిరిగే రెక్కల పెర్గోలా కొంటున్నారా? నీళ్ళు పోయించి చూడకుండా మిగతా డబ్బులు కట్టకండి

ముందే చెప్తున్నా, పెర్గోలా, అంటే స్తంభాల మీద నిలబెట్టే పందిరి, అసలు దండగే అనట్లేదు, నేను కొన్నట్టు మాత్రం కొనకండి అంటున్నా. తోటలో కూర్చోడానికి పైన అల్యూమినియం రెక్కలు తెరుచుకుని మూసుకునే టైపు ఉంటుంది చూడండి, లూవర్ రూఫ్ అంటారు, అది పెట్టించి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో గట్టి వాన పడ్డప్పుడు దాని కింద పొడిగా కూర్చున్నది ఒక్కసారి కూడా లేదు. ఎండ పూట మాత్రం బాగుంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, రెక్కలు కాస్త వాలుగా పెడితే ఎండ ఆగుతుంది, వేడి గాలి సందుల్లోంచి పైకి పోతుంది, రేకుల షెడ్డు కింద ఉడికినట్టు ఉండదు. కానీ ఒక్క ఎండకే అయితే షేడ్ నెట్ కట్టుకున్నా సరిపోయేది కదా. ఇంత డబ్బు పోసింది వానొస్తే రెక్కలు మూసేసి కుర్చీలోంచి లేవకుండా కూర్చోవచ్చనే.

డెమో షోరూం లోపల చూపించారు. ఏసీ గది, వాన లేదు, గాలి లేదు, ఒక్క ఆకు రాలే అవకాశం కూడా లేదు. అక్కడి అబ్బాయి రిమోట్ నొక్కగానే రెక్కలన్నీ ఒకేసారి మెల్లగా వాలి మూసుకున్నాయి, నాకు నోరు తెరుచుకుంది. మా ఆవిడ మాత్రం పైకి చూస్తూ ఒకటే అడిగింది, "ఈ నీళ్ళన్నీ ఎటు పోతాయి బాబూ?" అని. "స్తంభాల్లోంచి కిందకెళ్ళిపోతాయి మేడమ్, మొత్తం హిడెన్ డ్రైనేజ్" అన్నాడు. ఆ హిడెన్ అన్న మాటకి నేను పడిపోయా. తర్వాత తెలిసింది, అది నిజంగానే హిడెన్, బిగించడానికొచ్చిన వాళ్ళకే కనపడలేదు.

అసలిది ఎలా పనిచేస్తుందో నాకు కొన్నాక అర్థమైంది, మీరు కొనకముందే అర్థం చేసుకోండి. మూసినప్పుడు ఒక రెక్క అంచు పక్క రెక్క మీదకి ఎక్కుతుంది, ప్రతి రెక్కకీ అంచున సన్నటి కాలువ ఉంటుంది, పైన పడ్డ నీళ్ళు ఆ కాలువలో రెండు చివరలకీ వెళ్ళి చుట్టూ ఉన్న ఫ్రేమ్ లోపలి గట్టర్‌లో పడతాయి, గట్టర్‌లోంచి స్తంభం లోపలికి, అక్కణ్ణుంచి అడుగున ఉన్న రంధ్రంలోంచి బయటికి. అంటే ఇది కప్పు కాదండీ, పక్కపక్కన పేర్చిన బోలెడు చిన్న కాలవలు. ఒక్క చోట వాటం తప్పిందా, అన్నీ మీ నెత్తి మీదే.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక చదరపు మీటర్ మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే ఒక లీటర్ నీళ్ళు. మాది 4 మీటర్లు బై 3 మీటర్లు, అంటే 12 చదరపు మీటర్లు. గంటకి 50 మిల్లీమీటర్ల లెక్కన వాన కొడితే గంటకి 600 లీటర్లు, నిమిషానికి 10 లీటర్లు. రెండు నిమిషాలకో 20 లీటర్ల బకెట్ అన్నమాట. అంత నీరు పోవడానికి మా నాలుగు స్తంభాల్లో దారి ఉన్నది ఒక్కదానికే, ఆ రంధ్రంలో నా బొటనవేలు దూరి ఇరుక్కుంటుంది. నాలుగింట్లోంచీ పోతాయనుకున్నా, నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

మొదటి గట్టి వాన రోజు చుట్టాలున్నారు. దర్జాగా రిమోట్ నొక్కా, రెక్కలు మూసుకున్నాయి, ఓ ఐదు నిమిషాలు అందరూ పైకి చూసి ఆహా ఓహో అన్నారు. తర్వాత మూలన కూర్చున్న మా బావగారి భుజం మీద ఒక చుక్క. "చెమ్మ పట్టిందేమోలే బావా" అన్నా. ఇంకో నిమిషానికి ఆ మూల గట్టర్ అంచు మీంచి పలచటి పరదాలాగా నీళ్ళు దిగాయి, సోఫా దిండ్లు ముద్దయ్యాయి. అందరం లేచి మధ్యలోకి జరిగాం, అక్కడేమో రెక్కల మధ్య నుంచి ధార. ఆఖరికి గొడుగేసుకుని ఇంట్లోకి పరిగెత్తాం. పెర్గోలా కింద గొడుగు! మా బావగారు ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు "వానేమైనా ఉందా" అని అడుగుతారు.

మూల దగ్గర ఎందుకు పొంగిందో నేనే నిచ్చెనేసుకుని ఎక్కి చూశా. తోటలో గచ్చుకి సహజంగా బయటివైపు వాటం ఇస్తాం కదా, నీళ్ళు ఇంటి గోడవైపు రాకూడదని. వీళ్ళు నాలుగు స్తంభాలూ ఒకే ఎత్తున ఉన్నవి తెచ్చి అలాగే నిలబెట్టేశారు. కింద గచ్చు ఎటు వాలితే పైన ఫ్రేమ్ కూడా అటే వాలింది. నీళ్ళు పోయే స్తంభమేమో ఇంటి వైపుది. అంటే గట్టర్‌లో పల్లం ఒక మూల, రంధ్రం దానికి ఎదురు మూల. పల్లం మూలలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు, అందులో నానిన ఆకులు, దోమ పిల్లలు ఈదుతున్నాయి. వాటం చూసే స్పిరిట్ లెవెల్ ఒక్కసారి పెట్టి చూసి స్తంభాల కింద ప్లేట్లు వేసి సర్దితే అరగంటలో అయ్యే పని అది. వచ్చిన ఇద్దరి దగ్గరా స్పిరిట్ లెవెల్ ఉంది, టూల్ బ్యాగులోంచి బయటికి మాత్రం రాలేదు.

మధ్యలో కారేది వేరే కథ. మా రెక్కలు 4 మీటర్ల వైపు పొడుగ్గా పడుకున్నాయి. 3 మీటర్ల వైపు వేస్తే రెక్కల సంఖ్య పెరుగుతుంది, రెక్కకి రెండు చొప్పున చివర బిగించే పిన్నులు, మూతలు పెరుగుతాయి, వాళ్ళకి ఖర్చు. కానీ రెక్క తన బరువుకి తాను మధ్యలో కుంగడం అనేది పొడుగుతో మామూలుగా పెరగదు, పొడుగుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అదే రెక్క 3 మీటర్లు కాకుండా 4 మీటర్లుంటే కుంగుడు మూడు రెట్లు దాటుతుంది. కుంగిన రెక్కలో నీళ్ళు చివరలకి ఎందుకు పోతాయి, మధ్యలో నిలబడి అంచు దాటి కిందకి దూకుతాయి. దారం లాగి పట్టి చూశా, మధ్య రెక్కల్లో వేలు దూరేంత సందు. పైగా మావి ఒకే పొర రెక్కలు. లోపల గుల్లగా రెండు పొరలుండే రకం గట్టిగా ఉంటుంది, వాన చప్పుడు కూడా తక్కువ. మా దాని కింద వానలో కూర్చుంటే డప్పు లోపల కూర్చున్నట్టు ఉంటుంది, పక్కవాళ్ళ మాట వినపడదు.

ఇక మోటార్. బ్రోచర్‌లో ఐపీ 65 అని పెద్ద అక్షరాలతో వేశారు, అంటే దుమ్ము దూరదు, ఏ వైపు నుంచి నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుంది అని అర్థం. మోటార్ నిజంగానే ఐపీ 65, అది బానే ఉంది. దానికి కరెంటిచ్చే అడాప్టరూ వైర్ల జాయింటూ మాత్రం మామూలువి, టేపు చుట్టి ఆ పొంగే గట్టర్ పక్కనే పెట్టారు. మూడో వానకి పోయింది. పోవడం కూడా ఎలా పోయింది, రెక్కలు సగం తెరిచి ఉండగా పోయింది. చేత్తో తిప్పడానికి హ్యాండిల్ ఏదీ అంటే "ఈ మోడల్‌కి రాదండీ" అన్నారు. కరెంటు పోతే, మోటార్ పోతే రెక్కలు చేత్తో మూసే దారి ఉందా లేదా అన్నది కొనేముందు అడగండి, అడగడమే కాదు, మూయించి చూడండి. నన్నడిగితే చిన్న సైజుకి అసలు మోటారే వద్దు, చేత్తో తిప్పే హ్యాండిల్ రకం చాలు, చెడిపోవడానికి అందులో ఏముంది గనక.

గాలి సంగతి చెప్పాలంటే ఇప్పటికీ భయమేస్తుంది. స్తంభాలని పేవర్ రాళ్ళకి బోల్టులు కొట్టి బిగించారు. పేవర్ కింద ఏముంటుంది, ఇసుక. ఒక రాత్రి ఈదురుగాలికి చప్పుడైతే టార్చ్ పట్టుకెళ్ళి చూశా, ఒక స్తంభం రాయితో సహా లేస్తోంది, పడుతోంది. గంటకి 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటర్‌కి దాదాపు 48 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది, 12 చదరపు మీటర్ల మీద అంటే అర టన్ను పైనే. రెక్కలు మూసి ఉంటే కింద నుంచి గాలి దూరి మొత్తాన్ని పైకి లేపాలని చూస్తుంది, గొడుగు తిరగబడినట్టు. స్తంభం కింద గుంట తీసి కాంక్రీట్ దిమ్మ పోసి దానికి యాంకర్ బోల్టులు వేయాలి, ఇందులో బేరం లేదు. "ఇంత గాలి తట్టుకుంటుంది" అని వాళ్ళు చెప్పే నంబర్ రెక్కలు మూసి ఉన్నప్పటిదా, తెరిచి ఉన్నప్పటిదా అని కూడా అడగండి, ఏ బేస్‌కి బిగిస్తే అని కూడా. నేనడిగితే అటువైపు కాసేపు చప్పుడు లేదు.

అల్యూమినియం అని చెప్పి అమ్మిందాంట్లో అల్యూమినియం కానిది ఎంతుందో ఫ్రిజ్ మీది మ్యాగ్నెట్ తీసుకెళ్ళి చూశా. రెక్కలకి అంటుకోలేదు, సరే. మూలల్లో లోపలుండే బ్రాకెట్లకి టక్కున అంటుకుంది. ఇనుప బ్రాకెట్లు, వాటికి మెరుగు పూసిన మామూలు స్క్రూలు, ఆరు నెలలకే స్తంభం మీద తుప్పు చారలు. తడిలో ఇనుమూ అల్యూమినియమూ కలిసి ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ అయితే మామూలుగా 304 గ్రేడ్, సముద్రం దగ్గరైతే 316 అని కొటేషన్‌లోనే రాయించుకోండి. స్తంభం మందం కూడా రాయించుకోండి, "హెవీ గేజ్" అన్న మాట పనికిరాదు, మిల్లీమీటర్లలో కావాలి.

కంప్లైంట్ పెడితే ఏమవుతుందో ఊహించే ఉంటారు. కంపెనీవాళ్ళు "బిగించడంలో తప్పు సార్, అది కాంట్రాక్టర్ది" అంటారు, ఆ కాంట్రాక్టర్ని పంపింది వీళ్ళే. ఆయన్ని అడిగితే "మాకిచ్చిన సామాను అదే అన్నా, మేమేం చేస్తాం" అంటాడు. పదేళ్ళ వారంటీ అన్నారు కదా అని కాగితం తీసి చదివితే పదేళ్ళు ఫ్రేమ్‌కి మాత్రమే, మోటార్‌కి ఏడాది, రంగుకి వేరే షరతులు, ఇక కింద చిన్న అక్షరాల్లో "నీటి లీకేజీ వర్తించదు" అని ఒక లైను. వాన కోసం కొన్న దానికి! అమ్మేటప్పుడు వాటర్‌ప్రూఫ్ అని నోటితో అంటారు, కాగితంలో వాటర్ రెసిస్టెంట్ అని ఉంటుంది, రెండింటికీ మధ్య మా బావగారి చొక్కా తడిసినంత తేడా ఉంది. న్యాయంగా చెప్పాలంటే ఎంత మంచి లూవర్ అయినా జల్లు పక్కనుంచి కొడితే తడవడం ఖాయం, సాయంత్రం పడమటి ఎండ కూడా పక్కనుంచే వస్తుంది కాబట్టి రెక్కలు ఏమీ చేయలేవు, పక్కలకి తెర వేరే వేసుకోవాలి. అది నేను ఒప్పుకుంటా. నిలువునా పడే వానకి మధ్యలో కారడం మాత్రం ఒప్పుకోను.

నా అతి పెద్ద తప్పు బిగించిన సాయంత్రమే మొత్తం డబ్బు కట్టేయడం. ఎండగా ఉంది, మెరుస్తోంది, ఫోటోలు దిగాం, కట్టేశా. ఆ రోజు తోట పైపు పట్టుకుని ఓ అరగంట పైన నీళ్ళు కొట్టి ఉంటే అన్నీ అప్పుడే బయటపడేవి. మీరు కొటేషన్ మీదే రాయించండి, రెక్కలు మూసి నీళ్ళు కొట్టి చూశాక, ప్రతి స్తంభం అడుగునా నీళ్ళు బయటికి రావడం చూశాకే ఆఖరి వాయిదా అని. ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి, వాడికి తెలుసు కాబట్టే ఒప్పుకోవట్లేదు. ఇంకోటి, ఆ నీళ్ళు స్తంభంలోంచి బయటికొచ్చి ఎక్కడ పడతాయో కూడా చూసుకోండి, మావి తిన్నగా ఇంటి పునాది పక్కనే పడుతున్నాయి, ఆ గోడకి లోపలివైపు చెమ్మ మొదలైంది. వీలైతే వాళ్ళు ఏడాది క్రితం ఎవరింట్లో పెట్టారో అడిగి, వాన రోజున వెళ్ళి చూడండి.

పోయినసారి సర్వీస్ పేరుతో ఒకతను వచ్చి రెక్కల సందుల్లో సిలికాన్ పూస్తానన్నాడు. పూస్తే ఇంక తెరుచుకోవు కదయ్యా అంటే కాసేపు పైకి చూసి "అవును సార్, తెరుచుకోవు" అని, ట్యూబ్ బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వేరే మేస్త్రిని పట్టుకున్నా, స్తంభాలు విప్పి దిమ్మలు పోసి, మిగతా మూడింటికీ రంధ్రాలు తీసి లెవెల్ చేసి మళ్ళీ నిలబెడతానన్నాడు, వచ్చే వారం మొదలు. అప్పటిదాకా సగం తెరుచుకుని ఇరుక్కున్న రెక్కల మీద నీలం టార్పాలిన్ కప్పి తాళ్ళతో కట్టేశా. నిన్న రాత్రి వాన పడింది, ఒక్క చుక్క కూడా కారలేదు.