ఫారిన్ చీజ్: మనమే తెప్పించుకోవడమా, డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొనడమా?

భీమవరంలో పిజ్జా షాపు పెట్టేవాళ్ళు కొందరు ఇటలీ చీజ్ డైరెక్టుగా తెప్పిస్తే మిగులుద్ది కదా అంటారు గానీ, ఆ కాగితాల గోల మామూలుది కాదండి. ఐఈసీ (ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్ళకి ఇచ్చే కోడ్ నంబరు), ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) సెంట్రల్ లైసెన్సు, పశుసంవర్ధక శాఖ ఇచ్చే శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్, ఆపైన సరుకుతో పాటు అక్కడి గవర్నమెంటు వెటర్నరీ హెల్త్ సర్టిఫికెట్, అందులో ఆ పాలిచ్చిన పశువులకి నెమరేసే పశువుల రక్తం, లోపలి అవయవాలు కలిసిన దాణా ఎప్పుడూ పెట్టలేదని రాసుండాలి (మన గేదెలకి వరిగడ్డి, తవుడు తప్ప ఏం తెలుసు!). కాకినాడ పోర్టు పక్కనే ఉందని సంబరపడొద్దు, యానిమల్ క్వారంటైన్ (పశు ఉత్పత్తుల్ని తనిఖీ చేసే ఆఫీసు) ఉన్న చెన్నై లాంటి చోట దించుకోవాలి. దిగేసరికి సరుకు మొత్తం షెల్ఫ్ లైఫ్‌లో (పాడవకుండా ఉండే గడువులో) 60 శాతమో, ఎక్స్‌పైరీకి 3 నెలలో, ఏది తక్కువైతే అది మిగిలుండాలి.

డిస్ట్రిబ్యూటర్ దగ్గర రేటెక్కువే, కానీ లేబుల్ మీద ఇంపోర్టర్ పేరు, లైసెన్సు నంబరు, ఎక్స్‌పైరీ చూసుకుని బిల్లు తీసుకుంటే చాలు. కంటైనర్ల లెక్కన వాడనోళ్ళకి నా ఓటు దీనికే.