బాయిలర్ గేజ్ నుంచి పీఎల్‌సీ దాకా: ఎస్‌ఎం 1231తో ఆరేళ్లు

మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఎలక్ట్రికల్ పని చూస్తాను. మిషన్లను నడిపే చిన్న కంప్యూటర్ ఎస్7-1200 పీఎల్‌సీ. దాని పక్కన, సెన్సార్ల సిగ్నళ్లను అంకెలుగా మార్చే సీమెన్స్ ఎస్‌ఎం 1231 మాడ్యూల్, ఎనిమిది అనలాగ్ ఇన్‌పుట్లది (ఛానెళ్లు), బిగించి ఆరేళ్లయింది. బాయిలర్ స్టీమ్ ప్రెషర్, వడ్లు నానబెట్టే ట్యాంకుల వేడి, డ్రయ్యర్ గాలి, ఫీడ్ వాటర్ లెవెల్ అన్నీ దానికే వస్తాయి. వానాకాలం, యాసంగి సీజన్లలో రాత్రీ పగలూ నడుస్తుంది. ఇప్పటిదాకా ఒక్క ఛానెల్ పోలేదు. మేం పడ్డ ఇబ్బందులన్నీ మా వైరింగ్‌లోవే.

ముందుగా చెప్పాల్సింది, ఈ మాడ్యూల్ సెన్సార్‌కు సప్లై ఇవ్వదు. రెండు తీగల ట్రాన్స్‌మిటర్ (కొలతను మిల్లీయాంపుల కరెంట్‌గా పంపే సెన్సార్) అయితే 24 వోల్టులు మనమే బయటి నుంచి ఇవ్వాలి. సప్లై ప్లస్ ట్రాన్స్‌మిటర్ ప్లస్‌కు, ట్రాన్స్‌మిటర్ మైనస్ మాడ్యూల్ మొదటి ఛానెల్ టెర్మినల్ 0+కు, 0− నుంచి మళ్లీ సప్లై మైనస్‌కు. ఈ చివరి తీగ వదిలేస్తే లూప్ మూసుకోదు, రీడింగ్ రాదు. సొంత సప్లై ఉన్న నాలుగు తీగల లెవెల్ మీటర్ అయితే మిల్లీయాంపులు అదే పంపుతుంది, దాని రెండు సిగ్నల్ తీగలు నేరుగా 0+, 0−లకే. ఒకసారి మా కుర్రాడు దానికీ 24 వోల్టులు కలిపాడు. అదృష్టం బాగుండి వెంటనే చూశాం. అప్పటి నుంచి ప్యానెల్లో ప్రతి ఛానెల్ పక్కన ‘రెండు తీగలు’, ‘నాలుగు తీగలు’ అని రాసి అంటించాం.

ఛానెళ్లు జంటలుగా ఉంటాయి. 0, 1 రెండూ కరెంట్‌కో, రెండూ వోల్టేజ్‌కో పెట్టుకోవాలి. డ్రాయింగ్ వేసేటప్పుడే ఇది చూసుకోకపోతే తర్వాత తీగలన్నీ మార్చాల్సి వస్తుంది.

లెక్క సరిచూడటానికి నాకు బాగా నచ్చింది 0–16 బార్ ట్రాన్స్‌మిటర్. 4 నుంచి 20 మిల్లీయాంపులు కాబట్టి బార్‌కు సరిగ్గా ఒక మిల్లీయాంపు. గేజ్ మీద 10 బార్ ఉంటే మల్టీమీటర్ 14 చూపాలి, పీఎల్‌సీలో విలువ 17280 ఉండాలి, ఎందుకంటే 4 మిల్లీయాంపులకు 0, 20 మిల్లీయాంపులకు 27648. మూడూ కలిశాయంటే తీగ నుంచి స్క్రీన్ దాకా అంతా సరే. మీటర్ సరిగ్గా ఉండి పీఎల్‌సీ విలువ తేడాగా ఉంటే, వెంటనే రేంజ్ సెట్టింగ్ చూస్తాను: 0–20 అని ఉందేమో అని.

రెండో సీజన్‌లో మమ్మల్ని ఏడిపించింది ఊగే రీడింగ్. “అన్నా, డ్రయ్యర్ బ్లోయర్ వేయంగనే ప్రెషర్ ఎగురుతుంది” అన్నాడు ఫైర్‌మన్. మాడ్యూల్ పాడైందనే అందరూ అన్నారు. కవర్ తీసి చూస్తే సిగ్నల్ కేబుల్, బ్లోయర్ డ్రైవ్ మోటార్ కేబుల్ ఒకే ట్రేలో పక్కపక్కనే పడి ఉన్నాయి. పైగా సిగ్నల్ కేబుల్ చుట్టూ ఉండే లోహపు పొర, షీల్డ్, బాయిలర్ దగ్గర గ్లాండ్‌లోనూ (కేబుల్ లోపలికి వెళ్లే చోటి బిగింపు), ప్యానెల్లోనూ రెండు చోట్లా ఎర్త్ అయింది. బాయిలర్ హౌస్ ఎర్త్‌కూ ప్యానెల్ ఎర్త్‌కూ మధ్య మీటర్ పెడితే వోల్టేజ్ కనిపించింది, ఆ తేడాకు షీల్డ్‌లో కరెంట్ పారి సిగ్నల్‌ను చెడగొడుతోంది. బాయిలర్ వైపు షీల్డ్ కోసి టేప్ చుట్టాం, ప్యానెల్ వైపు మాత్రం క్లాంప్‌తో ఎర్త్ బార్‌కు గట్టిగా పట్టించాం. సిగ్నల్ కేబుల్‌కు వేరే ట్రే వేశాం. ఆ రాత్రి బ్లోయర్ నడుస్తుండగా ముల్లు గుచ్చినట్టు నిలబడింది రీడింగ్.

సెట్టింగుల్లో మన దగ్గర 50 హెర్ట్జ్ నాయిస్ రిజెక్షన్ (కరెంటు లైన్ నుంచి వచ్చే అలజడిని వడగట్టేది) పెట్టాలి. స్మూతింగ్, అంటే రీడింగులను సగటు చేసి ఊగు తగ్గించేది, నేను వీక్ దాటించను. స్ట్రాంగ్ పెడితే రీడింగ్ ముద్దుగా కనిపిస్తుంది కానీ ఆలస్యంగా కదులుతుంది, బాయిలర్ దగ్గర అది నాకు ఇష్టం లేదు. సేఫ్టీ వాల్వ్, ప్రెషర్ స్విచ్ ఎలాగూ పీఎల్‌సీతో పని లేకుండా వేరుగానే ఉండాలి.

డబ్బు పెట్టాల్సింది ఇంకొకటుంది, లూప్‌కొక ఫ్యూజ్ టెర్మినల్. మొదట్లో ఆరు ట్రాన్స్‌మిటర్లకు ఒకే ఫ్యూజ్ వేశాం. ఒక దాని తలలోకి ఆవిరి పోయి షార్ట్ అయితే ఆరు రీడింగులూ ఒకేసారి పడిపోయాయి, ఏది కారణమో పట్టుకోవడానికి అర్ధరాత్రి రెండు గంటలు పట్టింది. ఇప్పుడు దేని ఫ్యూజ్ దానిదే. పోయిన యాసంగిలో మళ్లీ ఒకటి తడిసింది, ఒక్క ఛానెల్ లైటు ఎర్రగా మెరిసింది, మిగతా ట్యాంకులు ఆగకుండా నడిచాయి.